మిల్లు గోడ మీద నోటీసులు: ఖాళీలు నింపడానికి పట్టిన కాలం

2025 జూన్ రెండో వారం. యాసంగి ధాన్యం ఆడించి ప్రభుత్వానికి బియ్యం అప్పజెప్పాల్సిన గడువు నెత్తి మీద ఉంది. మిల్లు రాత్రింబగళ్లు నడుస్తోంది. సరిగ్గా అప్పుడే కార్మిక శాఖ తనిఖీ వచ్చింది. మిర్యాలగూడ పరిసరాల్లో ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లు మాది. మాది అంటే సేటుది. నేను అక్కడ లెక్కలు చూస్తాను. ఆఫీసు గదిలో కూర్చునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఈ సంగతి తర్వాత చాలా పని పెట్టింది కాబట్టి ముందే చెబుతున్నాను.

తనిఖీ అనగానే హాజరు పట్టీ, జీతాల పట్టీ, ఈఎస్ఐ, పీఎఫ్ చలాన్లు అన్నీ బల్ల మీద పేర్చిపెట్టాను. వచ్చిన సహాయ కార్మిక అధికారి కుర్చీ వైపు కూడా చూడలేదు. నేరుగా గేటు పక్కనున్న కాంటా గది దగ్గరికి నడిచి, గోడను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, "నోటీసులేవమ్మా?" అని అడిగారు.

గోడ మీద దేవుడి క్యాలెండరు ఉంది. పొగ తాగరాదన్న రేకు బోర్డు ఉంది. ధాన్యంలో తేమ 17 శాతం మించితే దించుకోబోమని సేటు రాయించిన అట్ట ఉంది. ఒక మూల, మేకు నుంచి వేలాడుతూ, నేను చేరక ముందెప్పుడో తగిలించిన నోటీసు ఒకటి ఉంది. ఊక దుమ్ము, బాయిలర్ బూడిద కలిసి దాని మీద పొరగా పేరుకున్నాయి. ఆయన చూపుడు వేలితో ఒక గీత గీశారు. గీత మేరకు అక్షరాలు బయటపడ్డాయి: "కనీస వేతనముల". మిగతాది చదవాలంటే మొత్తం తుడవాలి. తుడిచాం. రేట్ల గడులు, అధికారి పేరు గడి అన్నీ ఖాళీ.

ఆయన కోప్పడలేదు. నిలబడే ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతే నేను కాంటా చిట్టీల వెనక రాసుకున్నాను. కర్మాగారాల చట్టం సారాంశం, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు పేరు, చిరునామా, కార్మికులకు ఆరోగ్య ధ్రువీకరణ ఇచ్చే డాక్టరు పేరు, చిరునామా. పని వేళల నోటీసు. కనీస వేతనాల రేట్లు, ఆ చట్టం సారాంశం. వేతనాల చెల్లింపు చట్టం సారాంశం, జీతమిచ్చే తేదీ. గ్రాట్యుటీ చట్టం సారాంశం, దాని కింద కార్మికులిచ్చే నోటీసులు ఎవరు తీసుకుంటారో ఆ వ్యక్తి పేరు. ఆడవాళ్లు పనిచేసే చోట ప్రసూతి ప్రయోజనాల చట్టం సారాంశం. బాల కార్మికుల చట్టంలోని 3, 3ఏ, 14 సెక్షన్ల సారాంశం. లైంగిక వేధింపులకు పడే శిక్షలు, వాటిని విచారించే అంతర్గత కమిటీని వేసిన ఉత్తర్వు. సెలవుల జాబితా. చిట్టీలు అయిపోయాయి.

ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నది కూడా అప్పటి కర్మాగారాల చట్టంలోనే ఉంది. ప్రధాన ద్వారం దగ్గర, అందరికీ కనబడే చోట, శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉండాలి. ఇంగ్లిషులో ఒకటి, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఒకటి ఉండాలి. "మీ దగ్గర ఎక్కువమంది ఎవరు?" అని అడిగారు. ఊడ్చే పని, సంచుల పని చేసే ఆడవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు. హమాలీలంతా బీహార్ వాళ్లు. లెక్క వేస్తే బీహార్ వాళ్లే ఎక్కువ. "అయితే తెలుగుతోపాటు హిందీ తప్పదు" అన్నారు. ఫ్యాక్టరీల శాఖ వేరు, మా శాఖ వేరు, కానీ ఎలాగూ బోర్డు పెడుతున్నారు కాబట్టి రెండూ కలిపి చేసుకోండి, రెండోసారి ఖర్చు తప్పుతుంది అని సలహా కూడా ఇచ్చారు. రెండు రోజుల్లో తనిఖీ నివేదిక ఆన్‌లైన్‌లో కనబడింది. లోపాలు సరిచేసి పదిహేను రోజుల్లో ఫోటోలతో జవాబివ్వాలని అందులో ఉంది.

జరిమానాలు ఎంతెంతో చూసి చెప్పమన్నారు సేటు. కనీస వేతనాల చట్టంలో ఇలాంటి లోపానికి 500 రూపాయల దాకా అని చెబితే నవ్వారు. "ఫ్లెక్సీ ఖర్చు అంతకంటే ఎక్కువ కదమ్మా" అన్నారు. అంతర్గత కమిటీ వేయకపోతే 50,000 దాకా, రెండోసారి దొరికితే అంతకు రెట్టింపు, లైసెన్సుకే ఎసరు అని చెప్పాక నవ్వు ఆగింది. కర్మాగారాల చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని తానే చదివారు. "ముందు ఇది కానీ" అన్నారు.

ఈ వార్త ఎలా పొక్కిందో తెలియదు, ఆ వారంలోనే ఒక కుర్రాడు మోటారు సైకిల్ మీద చుట్టలు చుట్టిన పోస్టర్లతో దిగాడు. మొత్తం సెట్టు 4,500 రూపాయలట, ప్రభుత్వ ఆమోదం ఉందట, ఇవి లేకపోతే మిల్లు సీలు వేస్తారట. విప్పి చూశాను. మంచి నిగనిగలాడే కాగితం. ఇంగ్లిషు, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. వేతనాల పోస్టరు అడుగున మహారాష్ట్ర పేరుంది. అసలు విషయాలన్నీ, అంటే రేట్లు, తేదీలు, వేళలు, పేర్లు, ఖాళీ గడులే. నేను అధికారికి ఫోన్ చేసి అడిగితే, ఫలానా వాళ్ల దగ్గరే కొనాలని ఏ చట్టంలోనూ లేదు, మీ ప్రింటరులో తీసుకున్నా చెల్లుతుంది అన్నారు. కుర్రాడికి టీ ఇప్పించి పంపించాం. మీ దగ్గరికీ ఇలాంటి వాళ్లు వస్తారు. టీ ఇవ్వండి, డబ్బులివ్వకండి.

సారాంశాలు సమకూర్చుకోవడం నేననుకున్నంత కష్టం కాలేదు. కేంద్ర చట్టాలకు హిందీ పాఠాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. గ్రాట్యుటీ సారాంశం అప్పటి నిబంధనల్లోనే ఫారం యూ పేరుతో తయారుగా ఉంది. తెలుగువి కొన్ని దొరికాయి, కొన్ని నేనే ఇంగ్లిషు చూసి రాసుకుని, వకీలుగా పనిచేస్తున్న మా చిన్నాన్న కొడుకు చేత చదివించాను. వారం లోపే అయిపోయింది. ఇక చేతికొచ్చినట్టే అనుకుంటూ గడులు నింపడానికి కూర్చున్నాను. అసలు పని అక్కడ మొదలైంది.

మొదటి గడి పని వేళలు. ఏ జట్టు ఎన్ని గంటలకు మొదలుపెడుతుంది, విరామం ఎప్పుడు, ఎన్నింటికి దిగుతుంది. "ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు అని రాసెయ్" అన్నారు సేటు. మరి రాత్రి ఎవరు ఆడిస్తున్నట్టు? సీజన్‌లో డ్రయ్యరు దగ్గర, బాయిలరు దగ్గర మనుషులు పన్నెండేసి గంటల చొప్పున రెండు జట్లుగా చేస్తారు. చుట్టుపక్కల అడిగి చూస్తే ఇది మా ఒక్క మిల్లు సంగతే కాదు. అప్పటికి అమల్లో ఉన్న కర్మాగారాల చట్టం ప్రకారం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. అయిదు గంటలు దాటకముందే అరగంట విరామం ఇవ్వాలి. విరామాలతో కలిపినా పదిన్నర గంటలు దాటకూడదు. మించి చేయిస్తే రెట్టింపు కూలి. పైగా నోటీసులో రాసిన వేళలకే మనిషి చేత పని చేయించాలని ఇంకో సెక్షన్ ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు, లేనిది రాస్తే హాజరు పట్టీయే మమ్మల్ని పట్టిస్తుంది.

"గోడ మీద కాగితం కోసం మనుషుల్ని పెట్టుకోవాలా?" అని సేటు నా మీద విసుక్కున్నారు. వారం పాటు ఆ ఒక్క కాగితం బల్ల మీదే ఉంది. మధ్యలో ఒకటి రెండు సార్లు దాని మీద టీ గ్లాసు కూడా పెట్టారు. చివరికి ఫిట్టరు లెక్క గట్టి చెప్పాడు: మూడు జట్లు చేస్తే ఇద్దరు డ్రయ్యరు ఆపరేటర్లు, ఒక బాయిలరు మనిషి అదనంగా కావాలి, కానీ తెల్లవారుజామున నిద్రమత్తులో ధాన్యం ఎక్కువ ఎండి నూకయ్యే నష్టం తగ్గుతుంది. నూక మాట వినగానే సేటు ఒప్పుకున్నారు. చట్టం చేయలేని పని నూక చేసింది. మూడు జట్ల వేళలు రాసి, కింద ఆయన సంతకం పెట్టించాను. మనుషులు దొరికి ఆ వేళలు నిజంగా అమలయ్యేసరికి జులై సగం గడిచింది.

రెండో గడి జీతమిచ్చే తేదీ. అప్పటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యి మంది లోపు ఉన్న చోట నెల ముగిశాక ఏడో తేదీ దాటకుండా ఇవ్వాలి. మిల్లు సిబ్బందికి ఇబ్బంది లేదు, అయిదునే ఇస్తాం. చిక్కంతా హమాలీలతో. వాళ్లకు సంచికి ఇంత అని లెక్క. డబ్బు ముఠా మేస్త్రి చేతికి వెళ్తుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు తీసుకున్న అడ్వాన్సు, తిండి ఖర్చు తీసేసి ఆయన ఎవరికెంత ఇస్తాడో మాకు తెలియదు. సీజన్ చివర ఒకేసారి తేలుస్తాడని అంటారు. వాళ్లు మా మనుషులే కారు, మేస్త్రి మనుషులని సేటు వాదన. నేను అధికారినే అడిగాను. కర్మాగారాల చట్టంలో కార్మికుడంటే నేరుగా పెట్టుకున్నా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినా కార్మికుడే, సంచి లెక్కన ఇచ్చినా రోజుకు కనీస వేతనం కంటే తగ్గకూడదు అన్నారు. ఇక గడిలో ఏడో తేదీ అని రాయక తప్పలేదు. రాశాక ఆ తేదీకి ఇవ్వకా తప్పలేదు. ప్రతి హమాలీకి విడిగా ఒక పుస్తకం కుట్టించాను: ఎత్తిన సంచులు, అడ్వాన్సు, కోత, చేతికొచ్చింది. అందరికీ వాళ్ల ఊళ్లో బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. డబ్బు నేరుగా వాటిలో వేద్దామంటే మేస్త్రి ఖాతా నంబర్లు ఇవ్వనన్నాడు, బతిమాలితే సగం మందివి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టరు పేరు గడి గురించి చిన్న చిట్కా. అధికారులకు బదిలీలు అవుతూనే ఉంటాయి. పేరును ఫ్లెక్సీలో అచ్చు వేయించారో, బదిలీ అయినప్పుడల్లా కొత్త ఫ్లెక్సీ. హోదా, ఆఫీసు చిరునామా అచ్చు వేయించి, పేరు కోసం పక్కన చిన్న కాగితం అతికించే చోటు వదలండి.

ఇక నన్ను నిద్రపోనివ్వని గడి, అంతర్గత కమిటీ. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం కింద అది ఉండాలి. అధ్యక్షురాలు అక్కడ పనిచేసే పెద్ద హోదాలోని మహిళ అయి ఉండాలి. మా మిల్లులో పెద్ద హోదా అంటే సేటు, మేనేజరు, నేను. కాబట్టి ఎన్నిక లేకుండానే ఎన్నికయ్యాను. మరో ఇద్దరు సభ్యులు సిబ్బంది నుంచి: ఫిట్టరు, సంచులు కుట్టే దగ్గర చాలా ఏళ్లుగా ఉన్న ఒక పెద్దామె. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలి. ఆ ఉత్తర్వు గోడ మీద పెట్టాలి. అంటే నా పేరు, గేటు పక్కన, లారీ డ్రైవర్ల నుంచి ధాన్యం తెచ్చే రైతుల దాకా అందరూ చూసే చోట.

ఇంట్లో చెబితే మా అత్తమ్మ ఒకటే మాట అన్నారు: "ఆడపిల్ల పేరు, ఫోన్ నంబరు గోడల మీద రాయడం ఎక్కడైనా ఉందా?" మా ఆయన ఏమీ అనలేదు, అదింకా ఇబ్బంది. భయం అనను, కానీ మొదట్లో ఒళ్లు ముడుచుకున్నట్టు అనిపించిన మాట నిజం. నంబరు ఎవరిది ఇవ్వాలన్నది ఇంకో చిక్కు. ఆఫీసు నంబరు ఇద్దామంటే ఆ ఫోను ఎత్తేది మేనేజరు. ఎవరి మీద ఫిర్యాదో ఎవరికి తెలుసు? చివరికి మిల్లు ఖర్చుతో వేరే సిమ్ తీసుకుని, ఇంట్లో మూల పడి ఉన్న పాత ఫోనులో వేసి, బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నాను. ఈ సంగతి ఏ ఫారంలోనూ ఉండదు కాబట్టి చెబుతున్నాను.

బయటి సభ్యురాలు దొరకడానికి దాదాపు నెల పట్టింది. మహిళల కోసం పనిచేసే సంస్థకు చెందినవాళ్లో, ఈ విషయాలు తెలిసినవాళ్లో ఒకరు కమిటీలో ఉండాలి. మా వైపు బియ్యం మిల్లు అనగానే చాలామంది "అంత దూరం, అంత దుమ్ము" అన్నారు. ఒకరిద్దరు సేటు బంధువులని తెలిసి నేనే వద్దన్నాను. పదిహేను రోజుల గడువు ముగుస్తుంటే ఆఫీసుకు వెళ్లి, మిగతావన్నీ చూపించి, కమిటీకి కొంచెం సమయం కావాలని రాతపూర్వకంగా అడిగాం. ఇచ్చారు. మీరూ అలాగే అడగండి, అడక్కుండా గడువు దాటనివ్వకండి. చివరికి నల్గొండలో స్త్రీల సంఘంలో చాలా కాలంగా తిరుగుతున్న, ఉద్యోగ విరమణ చేసిన టీచరమ్మ ఒకరు ఒప్పుకున్నారు. నిబంధనల ప్రకారం విచారణ జరిగే రోజుకు ఆమెకు 200 రూపాయల భత్యం, రానూపోనూ ఛార్జీలు ఇవ్వాలి. "200కు నల్గొండ నుంచి ఎవరొస్తారమ్మా?" అని సేటు ఆశ్చర్యపోయారు. ఆమె వచ్చారు. విచారణ ఏమీ లేదు కాబట్టి మొదటిసారి భత్యం వద్దన్నారు, బస్సు టిక్కెట్ల డబ్బు మాత్రం తీసుకుని రసీదు రాసిచ్చారు.

ఇక అచ్చు పని. ఫ్లెక్సీ షాపులో తెలుగంతా "అను" అనే పాత తరహా ఫాంట్లలో కొడతారు. నేను తీసుకెళ్లిన ఫైలు వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించాయి. మళ్లీ మొదటి నుంచి కొట్టించాల్సి వచ్చింది. కొట్టిన కుర్రాడు "కనీస వేదనం" అని పెట్టాడు. ఫిట్టరు చూసి, దిద్దొద్దు మేడమ్, అదే కరెక్టు అన్నాడు. హిందీ అయితే గుణింతపు గుర్తులన్నీ పక్కకు జరిగి చదవడానికి వీల్లేకుండా వచ్చింది. హిందీ పేజీలన్నీ మా ప్రింటరులోనే తీసి, లామినేషన్ చేయించాను. బయట పెట్టినవి బూడిదకు మూడు రోజుల్లో మసకబారాయి. అందుకని వడ్రంగి చేత అద్దాల తలుపున్న చెక్క పెట్టె చేయించి, తాళం పెట్టించి, కాంటా గది చూరు కింద వాన తగలని చోట బిగించాం. పెట్టెకు 3,200 అయింది. అచ్చు, లామినేషన్, సిమ్, ఛార్జీలు అన్నీ కలిపితే తొమ్మిది వేల దగ్గర తేలింది. అదనపు మనుషుల జీతం ఇందులో కలపలేదు. సేటు మాత్రం కలుపుతారు.

జులై నెలాఖరుకు పెట్టె బిగించాం. మధ్యాహ్నం అన్నాల వేళ బీహార్ కుర్రాళ్లు దాని ముందు గుమిగూడారు. వాళ్లలో పది దాకా చదివినవాడొకడు ఉన్నాడు. మెడ చుట్టూ ఎర్ర తువ్వాలు, మోచేతుల దాకా తవుడు. అద్దానికి ముక్కు ఆనించి కూడబలుక్కుంటూ పైకి చదువుతుంటే మిగతావాళ్లు తింటూ వింటున్నారు. ఓవర్‌టైముకు రెట్టింపు అన్న చోట ఆగాడు. మళ్లీ చదివాడు. తర్వాత ఏడో తేదీ అన్న చోట వేలు పెట్టి అందరి వైపు తిరిగాడు. కిటికీ లోంచి చూస్తున్న నాకు వాళ్ల భోజ్‌పురి అర్థం కాలేదు, కానీ భోజనం ఆగిపోయిన సంగతి అర్థమైంది. మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. "మేడమ్, మీరు నా కుర్రాళ్లను చెడగొడుతున్నారు" అన్నాడు. వారం తిరగకముందే మిగతా ఖాతా నంబర్లు ఒక్కొక్కటీ వచ్చాయి. మేస్త్రి తేలేదు, కుర్రాళ్లే ఆధార్ కార్డులు పట్టుకుని నేరుగా వచ్చారు.

ఊడ్చే ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ. పెట్టె ముందు నుంచే రోజూ చీపుర్లతో వెళ్తారు, అద్దం కూడా తుడుస్తారు, కానీ అందులో ఏముందో వాళ్లకు తెలియదు. ఇది నన్ను బాగా కలవరపెట్టింది. చట్టం నోటీసు పెట్టి చేతులు దులుపుకోమనలేదు, తెలియజెప్పే సమావేశాలు పెట్టమని కూడా అంది. టీచరమ్మ వచ్చిన రోజు పని గంట ముందే ఆపించి, వేపచెట్టు కింద పట్టాలు పరిచి కూర్చోబెట్టాం. మగవాళ్లెవరినీ రానివ్వలేదు, సేటుతో సహా. వేధింపు మీద ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలని, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా పెంచవచ్చని, రాయడం రాకపోతే కమిటీయే రాసిపెట్టాలని ఆమె మామూలు మాటల్లో చెప్పారు. ప్రసూతి సెలవు 26 వారాలని చెప్పినప్పుడు ఒకామె, "మాకు కూడానా, ఆఫీసోళ్లకా?" అని అడిగింది. అంతకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మీకూ వస్తుంది అంటే నమ్మలేదు. నన్ను చూసింది. అవునని తలూపాను.

అందరూ లేచి వెళ్లాక ఒకామె వెనకబడి, "ఫిర్యాదు చేస్తే పని పోతుందా మేడమ్?" అని అడిగింది. పోదని చెప్పి నంబరు చీటీ మీద రాసిచ్చాను. ఆ తర్వాత ఏం జరిగింది, అసలేమైనా జరిగిందా అన్నది ఇక్కడ రాయను. లైంగిక వేధింపుల చట్టంలోని 16వ సెక్షన్ రాయనివ్వదు, నాకూ రాయాలని లేదు. ఒళ్లు ముడుచుకున్న భావం మాత్రం ఆ రోజుతో పోయింది.

ఫోటోలతో జవాబు ఆగస్టు మొదట్లో ఇచ్చాం. ఫోటో తీసేటప్పుడు దూరం నుంచి ఒకటి, అక్షరాలు చదవగలిగేంత దగ్గర నుంచి ఒకటి తీయండి. మొదట దూరంవి మాత్రమే పెడితే మళ్లీ అడిగారు. జవాబు ప్రతి మీద స్టాంపు వేయించుకోవడం మరవకండి. కమిటీ వివరాలు షీ-బాక్స్ అనే, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో కూడా నమోదు చేయమన్నారు. ఓటీపీ రాక ఒక సాయంత్రమంతా పోయింది, అంతకు మించి కష్టం లేదు. ఆగస్టు చివరికి లోపాలు సరిచేసినట్టు నమోదైంది.

అయిపోయిందనుకునే వీలు లేదు. కనీస వేతనంలో కరువు భత్యం ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. అక్టోబర్‌లో ఆ సూచీ కొత్త పాయింట్లు వచ్చాయి. మూల వేతనానికి, పాయింటుకు ఇంత చొప్పున కట్టిన భత్యం కలిపి, నైపుణ్యం ఉన్నవాళ్లకు, కొంత ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు విడివిడిగా వేసి కొత్త కాగితం పెట్టాను. రేట్ల పేజీని ఫ్లెక్సీ మీద కాకుండా మామూలు కాగితం మీద పెట్టమనేది ఇందుకే.

ఇదంతా ఒక కొలిక్కి వచ్చిన నెలన్నరకు, నవంబర్ 21న, కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. కర్మాగారాల చట్టం, కనీస వేతనాల చట్టం, వేతనాల చెల్లింపు చట్టం, గ్రాట్యుటీ, ప్రసూతి, అన్నీ. టీవీలో వార్త చూసి సేటు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశారు: "పెట్టె తీసేయొచ్చా?" తీయకూడదని చెప్పాను. మర్నాడు అధికారిని అడిగితే, కొత్త నిబంధనలు వచ్చే దాకా పాతవి కోడ్‌లకు విరుద్ధం కానంత మేర నడుస్తాయి, ఉన్నవి ఉండనివ్వండి అన్నారు. వేతనాల కోడ్ 50వ సెక్షన్ చదివాను. నోటీసు బోర్డు అందులోనూ ఉంది: కోడ్ సారాంశం, వర్గాల వారీగా వేతనాలు, వేతన కాలం, చెల్లించే రోజు, వేళ, ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ (ఇన్‌స్పెక్టరుకు కోడ్‌లో పెట్టిన కొత్త హోదా) పేరు, చిరునామా. లైంగిక వేధింపుల చట్టం, బాల కార్మికుల చట్టం ఈ కోడ్‌లలో కలవలేదు, కాబట్టి ఆ రెండు కాగితాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. మా మిల్లు వరకు కొత్తగా చేయాల్సింది పేజీ పైన చట్టం పేరు, కింద దాని సారాంశం మార్చడం. వేళలు, తేదీలు, రేట్లు ఇప్పటికే లెక్క తేలి ఉన్నాయి.

సంక్రాంతి తర్వాత నుంచి చుట్టుపక్కల మిల్లుల వాళ్లు ఫోన్లు చేసి నోటీసుల ఫైలు పంపమంటున్నారు. పంపుతున్నాను, గడులు ఖాళీ చేసి. ఒకాయన మళ్లీ ఫోన్ చేసి, "నింపిన ఫైలే పంపొచ్చు కదమ్మా, మళ్లీ మాకెందుకీ శ్రమ?" అన్నారు. నా పేరు, నా నంబరు మీ గోడ మీద పెట్టుకుంటే ఫిర్యాదులన్నీ నాకే వస్తాయి, విచారణకు మీ మిల్లుకు రమ్మంటారా అని అడిగాను. ఖాళీదే చాలన్నారు.